ఫిర్యాదులో రాసిన పేరు

రెండేళ్ల క్రితం హైదరాబాద్ పాతబస్తీ యాకుత్‌పురాలో మా గల్లీ డ్రైనేజీ పొంగి, వారం రోజులు ఇళ్ల ముందు మురుగు నిలిచింది. పక్కింటి మెహరున్నీసా ఆపా బట్టలు కుడుతుంది; గల్లీలో అందరం ఆమెను అక్కలా ఆపా అనే పిలుస్తాం. ఆమె పారేసే గుడ్డముక్కలే అడ్డం పడ్డాయని వార్డు ఆఫీసులో ఆమె పేరుతో సహా ఫిర్యాదు రాసిచ్చాను.

మరునాడు మునిసిపాలిటీ వాళ్లొచ్చారు. "అంత ఈమె వల్లనే సార్!" అని గల్లీ అందరి ముందు లొల్లి పెట్టాను. ఇంతలో పనివాడు మ్యాన్‌హోల్‌లోంచి ఒక నల్లని ముద్దను లాగాడు; వెంటనే నీళ్లు కదిలాయి. విప్పితే స్కూలు చొక్కా. మా పాపది! పాతబడితే బాత్రూం తుడవడానికి వాడాను. ఎప్పుడో తూములోకి జారిపోయింది.

"ఎవరిదమ్మా ఇది?" అన్నాడు సూపర్‌వైజర్.

నేను తల పక్కకు తిప్పుకున్నాను. జేబు మీద ఎర్రదారంతో పాప పేరు కుట్టింది ఆపానే. ఆమె ఆ దారాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఏదో పాత బట్ట సాబ్, ఎక్కడికెల్లో కొట్టుకొచ్చింది. నీళ్లు పోతున్నయ్ గదా, ఛోడో, వదిలెయ్యుండ్రి," అంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, "మాఫ్ చెయ్ ఆపా," అని ఏడ్చాను. "చాయ్ తాగుతవా?" అని మాత్రమే అడిగింది.

ఫిర్యాదులో ఆమె పేరు కొట్టేయించాను. కానీ అందరి ముందు "అది మాదే" అనలేకపోయిన సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.