కెప్టెన్ సాబ్ దాక్కున్న రోజు

సత్తయ్య మిలిటరీ నుంచి పారిపోయి వచ్చాడని, అందుకే మాజీ సైనికుల సంఘంలో చేరడం లేదని శామీర్‌పేట కాలనీలో పుట్టిన పుకారు ఉత్త అబద్ధం. తెల్లారకముందే గడ్డం గీసుకుని, ఊడ్చేది ఉత్త వాకిలే అయినా బూట్లకు పాలిష్ పట్టి మరీ చీపురు అందుకునే మనిషి ఆయన. కాలనీ అంతా ఆయన్ను కెప్టెన్ సాబ్ అంటుంది. జెండా పండుగనాడు తాడు ఆయన చేతికే ఇస్తుంది. కానీ ఆ ఆదివారం యాప్రాల్ నుంచి సంఘం పెద్ద, ఒక రిటైర్డ్ సుబేదారు, కొత్తవాళ్లను చేర్చుకోవడానికి కమ్యూనిటీ హాలుకు వస్తే సత్తయ్య నీళ్ల ట్యాంకు వెనకాల నక్కాడు. సంఘంలో చేరితే భార్య మోకాలి ఆపరేషన్‌కు వాళ్లే దారి చూపిస్తారు. అయినా లోపలికి వెళ్లడం లేదు. "మీ ర్యాంకేంటి?" అని హాల్లోంచి సుబేదారు గొంతు వినబడ్డప్పుడల్లా ట్యాంకు వెనక్కి ఇంకో అడుగు జరుగుతున్నాడు.

ఎవరింట్లో ఏముడికినా ఆరా తీసే బాలమణమ్మ ఆయన్ను అక్కడే పట్టేసింది.

"ఏంది తమ్మీ, గిదేం పని? నీ పెండ్లాం కుంటుకుంట పొయ్యి లోపల కూసుంది, నువ్వేమో ఈడ దాక్కుంటివి! సక్కగ చెప్పు, నిజంగనే పారిపోయొచ్చినవా?"

"లేదక్కా, పూర నౌకరీ జేసి పెన్షన్ మీదనే వచ్చిన. గని నేను ఉత్త లాన్స్ నాయక్‌ను, సిపాయి మీద ఒక్క మెట్టే, చేతికి ఒక్కటే పట్టీ. సుబేదార్ నాకంటె మస్తు పెద్ద, కెప్టెన్ అంటె ఆయన గుడ సల్యూట్ కొట్టే ఆఫీసరు. మీరు గట్ల పిలుస్తుంటె మంచిగనిపిచ్చి కాదనలే. ఇగ లోపలికొస్త గని, గా సుబేదార్ సాబ్ ముంగట నన్నెవ్వరు కెప్టెన్ అనకుండ జూడక్కా."