పుట్టింటి పరుపు, పిల్ల ఊపిరి

మా హరిణి నడిచే పిల్ల కాదు, పరుగెత్తే పిల్ల. పాలు తాగిన గ్లాసు వంటింట్లో పెట్టడానికి పరుగే, చెప్పులు తొడుక్కోవడానికి గుమ్మం దాకా పరుగే. అలాంటిది ఒక రోజు పొద్దున బడికి పోతూ పోదనూరు స్టేషన్ మెట్ల వంతెన మధ్యలో కూర్చుండిపోయింది. అప్పుడు యూకేజీ చదువుతోంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తోందనుకుని చెయ్యి పట్టి లేపబోయాను. లేవలేదు. మెడ కింద గుంట పడుతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా లోపలెక్కడో సన్నగా ఈల.

"అమ్మా, మూచ్చు ఇడసను కాలేదు" అంది.

మూచ్చు అంటే ఊపిరి, ఇడసను కాలేదంటే వదలలేకపోతున్నానని. తరాలుగా అరవదేశంలో ఉన్నవాళ్లం, మా ఇళ్లలో తెలుగుకు అరవం తోడు లేకుండా మాట సాగదు. మా నాన్న సాయంత్రాలు కూర్చోబెట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించారు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

పిల్లను ఎత్తుకుని దగ్గరలో ఉన్న క్లినిక్కుకు పరుగెత్తాను. ముఖానికి మాస్కు పెట్టి నెబ్యులైజర్ ఇచ్చారు. కాసేపటికే లేచి కూర్చుని బిస్కెట్టు అడిగింది. "జలుబుకు వచ్చిన వీజింగ్. పయప్పడాదీంగ, పెద్దయితే పోతుంది" అని డాక్టరు ధైర్యం చెప్పి సిరప్ రాశారు. భయపడొద్దన్నారు కదా అని నేనూ భయపడలేదు.

పెద్దయ్యేలోపు ఆ క్లినిక్కుకు మా దారి అరిగిపోయింది. వాన పడితే వీజింగ్, పండగకు చుట్టాలొస్తే వీజింగ్, గట్టిగా నవ్వినా దగ్గు. ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లలకొచ్చే టీబీ, కావచ్చని ఎవరో అంటే మాన్‌టూ టెస్టు చేయించాం, ఎక్స్‌రే తీయించాం. రెండింటిలోనూ ఏమీ లేదు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ ఎక్కువున్నాయన్నారు. అవేమిటో తెలియకపోయినా, ఏదో ఒకటి దొరికిందని ఆ రోజు తృప్తిగా నిద్రపోయాను.

బడిలో పీటీ మాస్టరు మంచివాడే. మంచితనం వల్లే భయపడిపోయాడు. ఆటల పీరియడ్ వస్తే దీన్ని గోడ నీడన కూర్చోబెట్టి, మిగతా పిల్లల నీళ్ల సీసాలకు కాపలా పెట్టేవాడు. ఒక సాయంత్రం తీసుకురావడానికి పోయి ఆ దృశ్యం చూశాను. పిల్లలంతా మైదానంలో గోల చేస్తున్నారు, మాది సీసాలు వరుసగా సర్దుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. దీన్ని మళ్లీ పరుగెత్తించి తీరాలని అప్పుడు పంతం పట్టాను.

కోయంబత్తూరులో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. మా అత్తగారు కూడా వచ్చారు. డాక్టరమ్మ మందు రాయకుండా ప్రశ్నలు మొదలుపెట్టారు. పరుగెత్తితే దగ్గుతుందా? తెల్లవారుతుండగా దగ్గుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? మా నాన్నకు ఉబ్బసం ఉండేదని చెప్పాను. అంతా విని, ఛాతీ మీద స్టెత్ పెట్టి, "ఇది ఆస్తమా" అన్నారు.

మా అత్తగారు కుర్చీలోంచి లేచారు. "డాక్టరమ్మా, ఆ పేరు మాత్రం రాయవద్దు. ఆడబిడ్డ! రేపు సంబంధాలు వచ్చేటప్పుడు ఊరంతా సొల్లుతారు" అన్నారు సగం తెలుగులో, సగం అరవంలో. సొల్లడమంటే చెప్పుకోవడం.

డాక్టరమ్మ నవ్వారు. "పాట్టీ, ముందు దీన్ని రెండో క్లాసు పాస్ చేయిద్దాం. పెళ్లికి నన్నూ పిలవండి, నేనే వచ్చి చెబుతాను మాప్పిళ్లైకి, ఆ పెళ్లికొడుక్కి."

ఇన్‌హేలర్ అనగానే రెండో గొడవ. అది ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదని మా వీధిలో అందరి నమ్మకం. డాక్టరమ్మ ఓపికగా చెప్పారు: సిరప్ ఒళ్లంతా తిరుగుతుంది, ఇది కావలసిన చోటికే కొంచెంగా పోతుంది, అలవాటు పడే వస్తువు కాదు. నీలం రంగుది రిలీవర్, ఊపిరి అందనప్పుడు. రెండోది కంట్రోలర్, బాగున్నా బాగులేకపోయినా రోజూ. రెండూ స్పేసర్ గొట్టంతోనే ఇవ్వాలి, కంట్రోలర్ తర్వాత నోరు పుక్కిలించాలి. "నీలం మాటిమాటికీ కావలసి వస్తోందంటే పిల్ల బాగున్నట్టు కాదు, నా దగ్గరికి తీసుకురండి. కూర్చోబెట్టి కాపాడటానికి నేను అక్కర్లేదు. దీన్ని ఆడించాలి."

ఆ మాటకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

కంట్రోలర్ మొదలుపెట్టాక పిల్ల తేరుకుంది. పగలంతా బాగుండేది. తెల్లవారేసరికి మాత్రం మళ్లీ దగ్గు. డాక్టరమ్మ స్పేసర్ నా చేత పట్టించి చూశారు, తప్పు లేదు. ఇంట్లో పొగ ఉందా అని అడిగారు. మా అత్తగారు చూపు పక్కకు తిప్పుకున్నారు. శుక్రవారం శుక్రవారం తలంటి, జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టడం ఆమె సామ్రాజ్యం. "మా కాలంలో పొగ పట్టని బిడ్డ ఉందా?" అని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు గానీ, పొగ ఆపేశారు. అయినా తెల్లవారుజాము దగ్గు పోలేదు.

పరుపు సంగతి ఎవరూ అడగలేదు, మేము చెప్పలేదు. పరుపు కూడా చెప్పవలసిన విషయమని ఎవరనుకుంటారు?

మా పుట్టిల్లు మదురై వైపు కంబం దగ్గర పల్లె. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. తొలి బిడ్డను తొట్టిలో, అంటే ఉయ్యాలలో, వేసే నాడు అమ్మమ్మ ఇంటినుంచి బూరుగుదూది పరుపు, దిండు రావాలి. కొన్న దూది పనికిరాదు, సొంత చెట్టు కాయలదై ఉండాలి. అంతేకాదు, తల్లి పసిదిగా పడుకున్న పరుపులోంచి కొంత పాతదూది తీసి కొత్తదానిలో కలపాలి. ఆ తల్లి పరుపులో ఆమె తల్లి దూది ఉంటుంది. ఏటా ఎండాకాలం ఆ పరుపును చుట్టి బస్సులో వేసుకుని పుట్టింటికి పోవాలి, అక్కడ విప్పి, కొట్టి, ఎండబెట్టి, కొత్తదూది చేర్చి మళ్లీ కుడతారు. లగేజీ టికెట్టు కోసం కండక్టరుతో ప్రతి ఏడూ యుద్ధమే.

ఇంకా చెప్పాలంటే, పిల్లకు దగ్గు వచ్చినప్పుడల్లా మేము చేసిన మొదటి పని ఆ పరుపులోనే పడుకోబెట్టి, ఆ దిండుకే ముఖం ఆనించడం. బూరుగుదూది వెచ్చన, సళిని, అంటే జలుబును, లాగేస్తుందని ఇద్దరు అవ్వలూ ఒకే మాట మీద ఉండేవారు. వాళ్లిద్దరూ ఏకమైన విషయం జీవితంలో అదొక్కటే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మందూ మేమే ఇస్తున్నాం, దగ్గూ మేమే పెడుతున్నాం.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా అమ్మ పెరట్లో పరుపు విప్పింది. కర్రతో కొడుతుంటే పెరడంతా తెల్లగా లేచింది. హరిణి ఆ కుప్పలోకి దూకి, దూది చేతులతో ఎగరేసి, కిలకిలా నవ్వింది. నేను వాకిట్లో కాయగూరలు కోస్తూ ఆ నవ్వు వింటున్నాను. నవ్వు దగ్గైంది. దగ్గు ఈల అయింది. నేను పోయేసరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది.

డాక్టరమ్మ చెప్పినట్టే స్పేసర్‌తో నీలం మందు ఇచ్చాను, మళ్లీ ఇచ్చాను. తగ్గలేదు. "అమ్మా" అనడానికి కూడా మధ్యలో ఊపిరి తీసుకుంటోంది. పెదవులు రంగు మారాయి. మా తమ్ముడు ఉన్నపళంగా కారు తీశాడు. దారిపొడుగునా మందు ఇస్తూనే కంబం ఆస్పత్రికి చేరాం. వాళ్లు ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్సులో మదురైకి పంపారు. ద్రాక్షతోటలు వెనక్కి పోతున్నాయి, నేను మాత్రం దాని వేలికి పెట్టిన క్లిప్పు మీద వెలిగే అంకెనే చూస్తున్నాను. సాచురేషన్ ఒక అంకె పెరిగితే నాకూ ఊపిరి వచ్చేది, తగ్గితే పోయేది. పోయిన జన్మలో ఏ పాపం చేశానో అనుకున్నాను. అంత భయం నేను మళ్లీ ఎరగను.

మదురైలో వరుసగా నెబ్యులైజేషన్, స్టెరాయిడ్, ఆక్సిజన్. సాయంత్రానికి పక్కటెముకల దగ్గర గుంజడం తగ్గింది. అప్పుడు అక్కడి కుర్ర డాక్టరు మా వైపు తిరిగి, మా అమ్మను చూశాడు. పెరట్లోంచి ఉన్నట్టుగానే బండెక్కిన మనిషి. జుట్టునిండా, కొంగునిండా దూది.

"ఏమ్మా, తల మీద ఏమిటది?"

"మా చెట్టు దూది సార్. మనవరాలి పరుపుది" అంది అమ్మ, ఆ కంగారులోనూ కొంచెం గర్వంగా.

"రోజూ దానిమీదే పడుకుంటుందా? ఎన్నేళ్ల దూది?"

"నా తొట్టి దూది కూడా ఉండాది దాంట్లో. మా అమ్మ ఇచ్చింది."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాత పరుపుల్లో కంటికి కనబడని డస్ట్ మైట్స్ అనే జీవులు ఉంటాయనీ, ఎంత ఎండబెట్టి కొట్టినా పూర్తిగా పోవనీ, పరుపు కొడితే ఆ దుమ్మంతా గాల్లోకి లేస్తుందనీ చెప్పాడు. "ఆస్తమా ఉన్న పిల్లల్లో చాలామందికి అది పడదు. తెల్లవారుజామున దగ్గుతుందా?" అని అడిగాడు. నేను తల ఊపాను. అన్నాళ్లూ వెతికింది అంత దగ్గర్లో, దాని బుగ్గ కిందే ఉందని తెలిసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా అమ్మ వరండాలోకి పోయి కొంగు దులుపుకుంటూ నిలబడింది. "నా చేత్తోనే బిడ్డకి పెట్టినానా?" అంది చివరికి. నేను ఆమె జుట్టులోని దూది ఏరసాగాను. పుట్టింటి సారెను వద్దనడం మా వాళ్లలో తల్లిని వద్దన్నట్టే.

మర్నాడు పోదనూరు నుంచి మా అత్తగారు దిగారు. ఇంక దెప్పిపొడుపులు మొదలని నేను గుండె దిటవు చేసుకున్నాను. ఆమె పిల్ల నుదురు తడిమి, నేరుగా మా అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నారు.

"వదినా, నేను పొగ ఏస్తిని, నువ్వు దూది ఏస్తివి. ఇద్దరమూ ఆశగానే, ప్రేమగానే చేస్తిమి. ఏడవకు. ఇంక రెండూ వద్దు" అన్నారు.

మా అత్తగారిని నేను అంతగా ప్రేమించిన రోజు అంతకుముందు లేదు.

ఇంటికొచ్చిన వారానికి మా అమ్మ భవాని జముక్కాళాలు రెండు పట్టుకుని వచ్చింది. నూలుతో నేసిన మందపాటి ఈ జంపఖానాలను ఉడుకునీళ్లలో ఉతికి ఎండలో వేయవచ్చు. ఒకటి పరిస్తే ఒకటి ఉతుక్కోవాలని డాక్టరమ్మ చెప్పింది ఆమె చెవిన పడింది. "మా ఇంటి సారె ఇంక ఇదే. పరుపు పెద్దదా, బిడ్డ పెద్దదా?" అంది. పాతదూది ఏం చేసిందో నేను అడగలేదు. తెల్లవారుజాము దగ్గు మెల్లమెల్లగా తగ్గి, ఒకనాడు అలారం మోగేదాకా మేమెవరం లేవలేదు. నేను ఉలిక్కిపడి లేచి చూస్తే, హరిణి నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. పిల్ల బాగుంది కదా, ఇంకా మందెందుకని మా ఆయన కంట్రోలర్ ఆపుదామన్నారు, ఆపాం. దీపావళి పొగకు మళ్లీ ఈల వచ్చింది. ఈసారి ఏం చేయాలో తెలుసు గనక నీలం మందుతో నిలబెట్టి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె మా ఆయన్ను చూసి, "మీరు మోటార్లు రిపేరు చేస్తారు కదా, మోటారు బాగా తిరుగుతోందని ఆయిల్ వేయడం ఆపేస్తారా?" అన్నారు. మందు తగ్గించడం తన పని, వేయడం మా పని అని పంపించారు. తర్వాత ఆమే చూసి చూసి మోతాదు తగ్గించారు.

ఇక బడి మిగిలింది. పీటీ మాస్టరు ఇంకా భయపడుతూనే ఉన్నాడు. నేను నచ్చజెబుదామనుకునేలోపే మా అత్తగారు ఇన్‌హేలర్, స్పేసర్ సంచిలో వేసుకుని పోయి, మైదానం మధ్యలో ఆయనకు ఎలా ఇవ్వాలో చేసి చూపించారట. "మాస్టరూ, డాక్టరే ఆడమన్నది. మా అమ్మిణిని ఇంక కూర్చోబెట్టినావో, నేనూ వచ్చి నీ పక్కనే కూర్చుంటా" అన్నారట. పెళ్లి సంబంధాల భయంతో ఆ పేరు రాయొద్దన్న మనిషే ఇప్పుడు బస్టాపులో ఏ పిల్ల దగ్గినా తల్లిని ఆపి, "వీజింగా? ఆస్తమా చూపించినావా?" అని అడుగుతున్నారు.

హరిణి ఇప్పుడు నాలుగో తరగతి. మొన్న బడిలో ఖోఖో పోటీ. మాది తప్పించుకునే జట్టులో దిగింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అవుటయ్యారు, ఇది మాత్రం వరుసలో దూరుతూ, మెలికలు తిరుగుతూ చిక్కలేదు. పీటీ మాస్టరు విజిల్ వేయడం మర్చిపోయి "ఓడు అమ్మిణీ, ఓడు!" అని అరుస్తున్నాడు. ఓడు అంటే పరుగెత్తు అని. సమయం అయిపోయినా దీన్ని ఎవరూ ముట్టలేదు. జట్టు గెలిచింది.

ఎర్రబడ్డ ముఖంతో వచ్చి నా నడుము చుట్టుకుంది. నేను అలవాటు చొప్పున దాని వీపుకు చెవి ఆనించాను. ఈల లేదు. పక్కనున్న పిల్లలందరూ ఎలా రొప్పుతున్నారో ఇదీ అలాగే రొప్పుతోంది. అందరిలాగా రొప్పడం ఎంత గొప్ప విషయమో ఆ మైదానంలో నా ఒక్కదానికే తెలుసు. గట్టిగా ఏడ్చేశాను. "విడు అమ్మా, అందరూ చూస్తాండారు" అని విదిలించుకుని మళ్లీ పరుగెత్తింది.

ఇలాంటి పిల్లలున్న తల్లులకు నేను చెప్పేది ఒక్కటే: పిల్ల బాగుందని కంట్రోలర్ మీరుగా ఆపకండి, ఎప్పుడు ఆపాలో డాక్టరును చెప్పనివ్వండి. పోటీ చూసి వస్తుంటే పక్కింటావిడ అడగనే అడిగింది, "బిడ్డ ఇంత బాగుండాదే, ఇంకా మందెందుకు?" అని. నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు జవాబిచ్చారు.

"మందు వేస్తాండాము, అందుకే బాగుండాది."