ఉప్పు మరిచిన నాలుక

ఆమెను అందరూ నాలుకమ్మ అనేవారు. దానికి ఒక కారణం ఆవిడ నోరు. ఆ నోటికి జడిసి కాకి కూడా వాళ్ల పెరట్లో వాలదని మొగుడే చెప్పుకుని నవ్వేవాడు. రెండో కారణం మాత్రం నవ్వులాట కాదు.

సముద్రం ఒకప్పుడు ఆ పొలాలకు కనపడనంత దూరంలో ఉండేది. వానలు ముఖం చాటేసి కాలువ సన్నబడిన కొద్దీ, పోటు రోజుల్లో ఉప్పునీరు కాలువకు ఎదురెక్కి రావడం మొదలైంది. చూడ్డానికి రెండూ నీళ్లే. పరీక్షకు పంపిన సీసా సంగతి తేలేలోపు నారు కాస్తా మాడిపోతుంది. అందుకని మోటారు వేసే ముందు నాలుకమ్మ దోసిట్లో నీళ్లు పట్టి, పుక్కిలించి ఉమ్మేది. "వేసుకోండి" అంటే చుట్టుపక్కల మోటార్లన్నీ మోగేవి. తల అడ్డంగా ఊపితే వాననీటి కుంట తూము తీసేవారు.

ఉన్న కాస్త పొలంలోనే ఓ మూల ఆ కుంటను మొగుడు తవ్వాడు. గట్లు ఎత్తు పెంచాడు. ఉప్పుకు ఓర్చుకునే వరి విత్తనం తెచ్చాడు. ఎదిగిన పైరయితే ఓర్చుకుంటుంది గానీ, లేత నారు ఓర్చుకోదు. కుంట చూస్తే ఒక్క తడికే అడుగంటుతుంది. ఇంత చేసీ చివరికి అంతా ఆవిడ నాలుక మీదే వేలాడేది. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకు గుండెల్లో రాయి పడేది. పైకి మాత్రం, "నా నాలుకకు అద్దె కట్టండర్రా!" అని దబాయించేది.

ఆ ఏడాది నారుమడికి నీళ్లు పెట్టిన రోజునే ఎగువ ఊరి నుంచి చెల్లెలు వచ్చింది. అన్నం దగ్గర మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక నిలిచిపోయింది.

"ఏంటక్కా ఇది? కూరలో ఉప్పుడబ్బా బోర్లించావా?"

"నీ నోట్లో ఏదో తేడా ఉంది. మీ బావ రెండోసారి వడ్డించుకున్నారు, కనపడట్లా?"

చెల్లెలు గబగబా గ్లాసెత్తింది. ఒక్క గుక్క తాగి పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసింది.

"కూర కాదే. నీళ్లు! ఈ నీళ్లు ఎలా తాగుతున్నారే మీరు?"

నాలుకమ్మ అదే గ్లాసు తీసుకుని తాగింది. పెరటి బోరు నీళ్లు, రోజూ తాగేవే. తియ్యగానే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది ఆవిడకు. బోరులోకి ఉప్పు ఎప్పుడు దిగిందో తెలియలేదు. రోజుకింత తాగి తాగి నాలుక దానికి అలవాటు పడిపోయింది. ఆ నాలుకతోనే పొద్దున "వేసుకోండి" అంది.

ఎంగిలి చేతులతోనే ముగ్గురూ పొలానికి పరిగెత్తారు. కాలువ నీళ్లు నోట్లో పోసుకోగానే చెల్లెలి ముఖం వికారంగా మారింది. మోటార్లు ఆపించారు. కుంట తూము తీసి నారుమళ్లు కడిగారు. కుంట ఖాళీ అయింది. సగం నారు బతికింది. మిగతా సగం నాలుగు రోజుల్లో కొసలు తెల్లబడి వాలిపోయింది.

పక్క పొలం మరిది తన మడి చూసుకుని, "పోనీలే వదినా," అన్నాడంతే. తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటకు ఆవిడకు మరింత భయమేసింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. నీళ్లే ఉప్పయితే ఏం తాగాలో ఆ సామెత కట్టినవాళ్లు చెప్పి పోలేదు.

"నాట్లు అయ్యేదాకా ఉండవే. నీ నాలుక నాకు అరువియ్యి," అని చెల్లెలి చేతులు పట్టుకుంది. చెల్లెలు ఉండిపోయింది. ఆ నాలుక చెడకుండా, ఆమె తాగడానికి ఎగువ నుంచి క్యాన్లలో నీళ్లు తెప్పించారు. కొన్నాళ్లకు అవి అయిపోయాయి. తెచ్చే బండివాడు ఇదిగో అదిగో అన్నాడు. "ఒక్క గ్లాసుకి ఏమవుతుందిలే," అంటూ చెల్లెలు బోరు నీళ్లే తాగింది. నాట్ల హడావుడిలో ఎన్ని గ్లాసులు తాగిందో ఎవరూ పట్టించుకోలేదు.

నాట్లు వేసిన మర్నాడు పొద్దున్నే కాలువ నీళ్లు పుక్కిలించి, "బాగున్నాయి బావా, వేసుకోండి," అంది చెల్లెలు. మోటార్లు మోగాయి. నాలుకమ్మకు చాన్నాళ్లకు కాస్త ఆకలనిపించింది. ఇంటికొచ్చి అందరికీ వడ్డించింది.

చెల్లెలు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తాపీగా నమిలి మింగింది.

"కూర చప్పగా ఉందక్కా. ఆ ఉప్పు ఇటు అందుకో."

మొగుడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాలుకమ్మ ఉప్పుడబ్బా పట్టుకుని కూర్చుండిపోయింది. మోటారు ఆపేస్తే కుంటలో చుక్క లేదు, నాటిన మడి ఎండుతుంది. ఆపకపోతే ఇంకా వేరు పట్టని లేత నాటుకు ఏమవుతుందో, ఆ నీళ్లు నోట్లో పోసుకుని చెప్పేవాళ్లు ఇక ఇంట్లో లేరు. ఆపమని అరవాలో, ఉండనిమ్మనాలో తెలియలేదు. కాకులు సైతం జడిసే ఆ నోరు పెగల్లేదు. పొలం వైపు నుంచి మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది.