కారం మిల్లు పేజీలో నా గురువారం

టీచరమ్మగారంటే నాకు కుళ్లు. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు. టీచరమ్మగారికీ తెలుసనే అనుకుంటాను. అయినా ఆమె శనివారం స్కూలు వదలగానే మా ఇంటికి వస్తుంది. మా ఆవిడ ఫోను ఆమె చేతిలోకి వెళుతుంది. ఇద్దరూ వసారాలో కూర్చుని వచ్చే వారాల్లో మిల్లు పేజీలో ఏం వేయాలో మాట్లాడుకుంటారు. మధ్యమధ్య నవ్వులు. నేను లోపలి గదిలో పేపరు పట్టుకుని ఉంటాను. చదివింది ఒక్క ముక్క తలకెక్కదు.

సత్తెనపల్లిలో మాకు చిన్న కారం మిల్లు ఉంది. మాకు అనడం మర్యాదకే, అది మా ఆవిడది. నేను దినపత్రికలో వార్తలు రాసి, ఇతరులు రాసినవి దిద్ది రిటైరయ్యేనాటికి ఆమె ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి మిల్లు పెట్టేసింది. ఏడాదికి సరిపడా కారం ఎండాకాలంలోనే ఆడించుకునే అలవాటు మా వైపు ఇంకా పోలేదు. ఆ నెలల్లో ఆమెకు అన్నం తినే తీరిక ఉండదు. వానలు మొదలైతే షెడ్డు దాదాపు మూగబోతుంది. మిరపకాయల ముచ్చికలు తీసే ఇద్దరాడవాళ్లు పని లేక పత్తి చేలల్లో కలుపుకు పోతారు. పోయినవాళ్లు తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. మనుషులు లేక ఒక ఎండాకాలం సగం బేరాలు వెనక్కి పంపింది.

"ఈ వానల్లో కూడా ఇట్లాగే అయితే అమ్మేద్దాం. తుప్పు పట్టించుకోడానికి మిల్లెందుకు?" అంది.

ఆ బాధతోనే ఫోనులో మిల్లు పేరు మీద పేజీ తెరిచింది. ఊరవతల వాళ్లు చూసి వానాకాలంలోనూ కారం తెప్పించుకుంటే షెడ్డు నడుస్తుందని ఆశ. ఇన్నేళ్లు పేపరుకు రాశారు కదా, నాకూ నాలుగు ముక్కలు రాయండి అని నన్నడిగింది. నేను పొంగిపోయాను. పెళ్లయ్యాక నా రాత గురించి ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

దినపత్రిక బుద్ధి ఎక్కడికి పోతుంది? రోజుకొక పోస్టు ఉండాలన్నాను. ఒకసారి వేసింది మళ్లీ వేయకూడదన్నాను. మా వృత్తిలో పాత వార్త వేయడం కంటే పెద్ద తలవంపు లేదు. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి, ఫోటో కోసం కాయలు కుప్ప పోయించేవాణ్ణి, మళ్లీ చదును చేయించేవాణ్ణి. వెలుతురు ఇటు బాగుందని ముచ్చికలు తీసేవాళ్లను అటు నుంచి ఇటు జరిపేవాణ్ణి. వాళ్లలో పెద్దామె ఒకరోజు నన్ను నిలబెట్టి అడిగింది.

"రోజూ మా చేతులే తీస్తన్నారు. మొహాలేం పాపం చేశాయయ్యా?"

కొన్నాళ్లకు రాయడానికి ఏమీ మిగల్లేదు. సన్న కాయ అయింది, లావు కాయ అయింది, రంగు పోయిన తాలుకాయలు ఏరడం అయింది, మిర్చి యార్డులో బస్తాలు, కోల్డ్ స్టోరేజీ గేటు అన్నీ అయ్యాయి. చివరికి సముద్రాలు దాటి మిరపకాయ మన నేలకెలా వచ్చిందో రాశాను. మంచి వచనం, ఇప్పటికీ ఆ మాటే అంటాను. పాత సహోద్యోగులు మెచ్చుకున్నారు. వాళ్లలో ఒక్కరూ కారం కొనలేదు.

అప్పుడే తుళ్లూరు వైపు నుంచి ఒక కుటుంబం కారులో వచ్చింది. భర్త అక్కడ కడుతున్న భవనాల దగ్గర ఇంజనీరు. కళ్లముందు ఆడించి పట్టుకెళదామని వచ్చారు. షెడ్డుకు తాళం ఉంది. వానాకాలంలో మా మిల్లు మంగళవారం, శుక్రవారమే ఆడుతుంది. వాళ్లు వచ్చింది ఆదివారం.

"ఈ రోజు తాజాగా ఆడుతున్నామని మీరే వేశారు కదండీ" అని ఆయన ఫోను చూపించాడు.

వేసింది నేనే. రోజుకొకటి వేయాలంటే రోజూ 'ఈ రోజు' అనాల్సి వస్తుంది. నిన్న తీసిన ఫోటో ఇవాళ్టి పేపర్లో వస్తే ఎవరూ అబద్ధం అనరని ఆయనకు వివరించబోయాను. మా ఆవిడ అడ్డొచ్చి వాళ్లకు టీ ఇచ్చింది, శుక్రవారం ఆడిన కారం పొట్లం కట్టిచ్చింది, గేటు దాకా సాగనంపింది. తిరిగొచ్చి నాతో అంది:

"మీ పేపరుకి రోజుకో వార్త కావాలి. నా దగ్గర రోజూ ఉండేది ఒకటే కారం."

ఆ తరవాతి శనివారమే, మా ఆవిడ పిలిస్తే, టీచరమ్మగారు మొదటిసారి మా వసారా ఎక్కింది. మా వెనక వీధిలో ఉంటుంది, చర్చివాళ్ల స్కూల్లో పాఠాలు చెబుతుంది. చర్చిలో స్త్రీల సమాజం పేజీ ఆమే చూస్తుంది. ఏం రాద్దామని ఆమె అడగలేదు. ఏ రోజు ఏం పని చేస్తారక్కా అని అడిగింది. సోమవారం కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తా వస్తుంది, కాస్త ఎండ తగలనిస్తారు. మంగళ, శుక్రవారాలు మిల్లు. బుధవారం పొట్లాలు అని మా ఆవిడ చెప్పింది. అంతే, అవే పోస్టులు అంది టీచరమ్మగారు. వారానికి మూడు చాలు: సోమవారం బస్తా, గురువారం జనం అడిగే ప్రశ్నకు జవాబు, శుక్రవారం మిల్లు. నెలకు సరిపడా రాతంతా ఒక్క శనివారం కూర్చుని రాసి పెట్టుకోవాలి.

"మీ పని మీరు చేసుకుంటుంటే ఫోను పక్కన ఉండాలి అక్కా. ఫోను కోసం పని చేయొద్దు."

నేను లోపలి నుంచి వింటూనే ఉన్నాను. ఘాటెంత, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఏ కాయ అనే ప్రశ్నలు నెల నెలా మళ్లీ వేయవచ్చని అనేసరికి ఆగలేక బయటికొచ్చాను. వేసిందే మళ్లీ వేస్తారా అన్నాను.

"ప్రతి ఆదివారం పాడిన పాటలే పాడతాం అన్నయ్యగారూ. ఆ ఆదివారమే కొత్తగా వచ్చినవాళ్లకి అవి కొత్తే కదండీ."

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వుతో నా ఉద్యోగం పోయింది.

ఇక అక్కడి నుంచి నా కడుపుమంట చూడాలి. సోమవారం వీడియోలో మా ఆవిడ బస్తా మూతి విప్పుతూ, కాయ ఎండాకాలానిదే, కారం మాత్రం ఇప్పుడు ఆడిందని తన గొంతుతో చెబుతుంది. అందులో కర్త, క్రియ కలవవు. సగంలో ముచ్చికలు తీసే పెద్దామె ఏదో అంటుంది, ఇద్దరూ పకపకలాడతారు. నేనైతే ఆ ముక్క కోసేసేవాణ్ణి. జనానికి అదే నచ్చింది. ఒంగోలు నుంచి, హైదరాబాదు నుంచి ఆడవాళ్లు ఫోను చేసి 'అక్కా' అంటూ తమ ఇంట్లో వండిన కూరల సంగతి చెప్పేవాళ్లు. నా ఉద్యోగకాలమంతా పాఠకుడు ఫోను చేశాడంటే, చనిపోయినవారి ఫోటో తారుమారైందని తిట్టడానికే.

టీచరమ్మగారి రాతలో తప్పులు వెతికాను. దొరికాయి. మా ఆవిడకు చూపించాను. చదివేవాళ్లకు అర్థమైందిగా, చాల్లెండి అంది. ఆ వీడియోల్లో ఆమె మొహం మీద కనిపించే హుషారు నేను చాలా ఏళ్లుగా చూడనిది. ఫోనుకు చెప్పే మాటల్లో సగం నాకు చెప్పినా బాగుండేది అనిపించేది. పైకి మాత్రం, వెలుతురు సరిగా లేదనేవాణ్ణి.

ఆ వానాకాలం షెడ్డు మూతపడలేదు. ముచ్చికలు తీసేవాళ్లిద్దరూ పత్తి చేలకు పోలేదు. మిల్లు అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. నాకు సంతోషమే, కాదనను. ఆ సంతోషం టీచరమ్మగారి చేతి మీదుగా వచ్చిందన్నదే మింగుడు పడలేదు.

స్కూల్లో పరీక్షలు దగ్గరపడి ఆమెకు తీరిక తగ్గినప్పుడు మా ఆవిడ నా దగ్గరికి వచ్చింది. గురువారం మీరు చూసుకోండి అంది. షరతులు కూడా చెప్పింది: 'ఈ రోజు' అనకూడదు, చరిత్ర వద్దు, మూడు వాక్యాలు దాటకూడదు. పేజీలకు పేజీలు దిద్దినవాణ్ణి, మూడు వాక్యాలకు ఒప్పుకున్నాను.

నా మొదటి గురువారం ప్రశ్న మార్టూరు నుంచి వచ్చింది. రాయి పాలిష్ పట్టే షెడ్డులో పని చేసే ఒకామె, డబ్బాలో కారం రంగు ఎందుకు తగ్గుతోందని అడిగింది. నాకేం తెలుసు? మిల్లు ఆడుతుండగా షెడ్డులోకి వెళ్లి మా ఆవిడనే అడిగాను. ఆమె చేయి ఆపకుండా మోత మీద అరిచి చెప్పింది.

"వెలుగు తగిలే చోట పెట్టొద్దనండి. తడి చెంచా పెట్టొద్దనండి. మొత్తం ఒకే డబ్బాలో పోయకుండా, వాడుకునేంత చిన్న సీసాలోకి తీసుకోమనండి."

లెక్కకు మూడు వాక్యాలే. 'అనండి'లు తప్ప ఒక్క అక్షరం దిద్దకుండా వేశాను. కింద చాలామంది రాశారు. 'అక్క బాగా చెప్పింది' అని రాశారు.

ఆ శనివారం టీచరమ్మగారు పరీక్ష పేపర్ల కట్టతో వచ్చి, మీ గురువారం చాలా బాగుంది అన్నయ్యగారూ అని మనస్ఫూర్తిగా అంది. థాంక్సండీ అన్నాను. ఆమె వెళ్లాక ఫోను తీసి గురువారం ఎంతమంది చూశారో, సోమవారం ఎంతమంది చూశారో పోల్చుకున్నాను. సోమవారమే ఎక్కువ.

సోమవారం కూడా నాకు ఇవ్వమని మా ఆవిడను అడిగాను. టీచరమ్మగారిని అడిగి చెబుతానంది.