మోకాలి లోతులో మా విహారం

మా పిన్ని ఈ సాయంత్రం నెల్లూరు రైలెక్కాలి. రేపు అక్కడ ఆవిడ కూతురి సీమంతం. రైలుకి ఇంకా నాలుగు గంటల టైముంది కదా, కృష్ణలో కాసేపు తిప్పి తీసుకొస్తానని చిన్న హౌస్‌బోటు మాట్లాడి, సామానుతో సహా ఎక్కించిన తెలివి నాదే.

అరగంట హాయిగా సాగాక బోటు ఇసుక మేటలో కూరుకుపోయింది.

"పొద్దున ఇక్కడ నీళ్లున్నాయండీ. కాలవలకి వదిలేసినట్టున్నారు," అన్నాడు డ్రైవరు, ఆ నీళ్లు నేనే తాగేసినట్టు నా వంక చూస్తూ. ఫోన్ చేస్తే, మా కోసం రావలసిన రెండో బోటు కూడా ఇసుకలోనే ఉందట.

ఇంతలో వల భుజాన వేసుకుని ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు.

"మేమూ అలాగే నడిచిపోతాం బాబూ," అంది పిన్ని.

"ఇసుక తవ్విన గుంటలుంటాయమ్మా. ఎక్కడున్నాయో ఆయనకి తెలుసు, మీకు తెలీదు. దింపితే నా ఉద్యోగం పోద్ది."

మోకాలి లోతు నీళ్ల మీద లైఫ్ జాకెట్లు వేసుకుని మూడు గంటలు కూర్చున్నాం. రైల్లో తినడానికి కట్టుకున్న పులిహోర అక్కడే విప్పాం. తింటుండగా దూరంగా వంతెన మీద నెల్లూరు రైలు వెళ్లింది. పిన్ని ఎడమచేత్తో రైలుకి టాటా చెప్పింది. నన్ను తిట్టినా బాగుండేది.

చీకటి పడే వేళకి ఎవరో వచ్చి తాడు కట్టి లాగారు. ఇప్పుడే ఆవిడని బస్సెక్కించి వచ్చాను. రైలుకి నాలుగు గంటలుంటే మీ ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎక్కడికి తీసుకెళతారో చెప్పండి. నేనైతే ఇకమీదట ప్లాట్‌ఫారం మీదే కూర్చోబెడతాను.