తెలుగు పాటలు వింటారా అని అడిగిన గురువమ్మక్క

గురువమ్మక్క పోయిందని కోవిల్‌పట్టి నుంచి ఆమె కొడుకు ఫోను చేసినప్పుడు, ఏ గురువమ్మ అని అడిగాను. నాకు తెలిసిన గురువమ్మ ఒక్కతే. పోయిన వారమే కయత్తారు బస్సులో కలిసి, "మీ ఇంటామెను పిలుచుకొని రా తంబీ, శ్రీవిల్లిపుత్తూరు పోయొస్తాం" అన్న మనిషి గుండె ఆగి మరణించిందంటే ఎలా నమ్మను?

రేడియో స్టేషన్ల కోసం శ్రోతలను లెక్కగట్టే ఒక చిన్న సంస్థలో మేమిద్దరం పనిచేశాం. ఆమె కోవిల్‌పట్టిలో ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏం వింటున్నారో అడిగేది. నేను విరుదునగర్‌లో ఆ జవాబులు కూడేవాణ్ని. నాది కళాశాల గణితం కాదు, కొట్లలో కూర్చుని నేర్చుకున్న లెక్క. మా మొత్తాలు చూసి వ్యాపారులు ప్రకటనలిచ్చేవారు. శ్రోతలు తక్కువని తేలితే కార్యక్రమం ఆగిపోయేది.

తలుపు తీయని ఇంటికి పక్కింటి జవాబే రాసెయ్యమని ఒక అధికారి సలహా ఇచ్చాడు. "పక్కింటోళ్లు సోరు తింటే నీ కడుపు నిండుతాదా సారూ?" అంది అక్క. సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక స్టేషన్ ఆదివారాలు వేసే అరగంట తెలుగు పాటల భవిష్యత్తు మా లెక్క మీద పడింది. అక్కకు ఆ అరగంట ప్రాణం. ప్రశ్నలు తమిళంలోనే అడగాలని నియమం. అగ్గిపెట్టెల పనికి వెళ్లే ఒక పిన్నమ్మ ఇంట్లో పాట వినబడుతూనే ఉంది. అక్క తమిళంలో అడగ్గానే ఆమె రేడియో కట్టేసి, తమిళ వార్తలే వింటామని తమిళంలోనే చెప్పింది.

"ఏం పిన్నమ్మా, ఇప్పుడే కదా మన పాట వింటా ఉంటివి?"

"అది ఇంట్లోకి పాపా. ఆపీసోళ్లకి చెప్పేదా? నవ్వుతారు."

తరాలుగా తమిళనాట ఉన్న మా తెలుగువాళ్లకు గడప దాటితే తెలుగు లేదు. వీధంతా అదే జవాబు. అక్క వాళ్లు చెప్పిందే రాసింది. "నా చెవిని నమ్మి రాస్తే అది నా జవాబు అయిపోతాది తంబీ" అంది.

తెలుగులో మళ్లీ అడిగిస్తారా అని ఆమె సంస్థను కోరింది. ఆ అరగంట తెచ్చే ఆదాయం కంటే మళ్లీ తిరిగే ఖర్చే ఎక్కువ అన్నారు. నేను వేసి చూశాను. వాళ్ల లెక్కలో తప్పు లేదు. అక్క సెలవు రోజుల్లో సొంత ఖర్చుతో ఆ ఇళ్లకే వెళ్లింది. నేల మీద కూర్చుని, పిల్లల సంగతులు మాట్లాడి, తెలుగులో అడిగింది. "వినకుండా ఉంటామా పాపా!" అన్నారు. ఈసారి నేను కూడితే మొత్తం పూర్తిగా మారిపోయింది. ప్రశ్న మారింది, అడిగినామెదీ తెలుగే, కాబట్టి చెల్లదన్నారు సంస్థవాళ్లు. పాటలు ఆగిపోయాయి.

తర్వాతి ఆదివారం ఆ పిన్నమ్మే అక్క ఇంటికొచ్చి, "మన పాట ఏమాయె పాపా?" అని అడిగింది. అక్క ఆమెకు కాఫీ ఇచ్చి, ఆ మాటే ఎత్తకుండా పంపింది.

"నీ నోటితోనే పోగొట్టుకుంటివని ఆమెకి చెప్పొచ్చు కదక్కా" అన్నాను.

"ఆమెకి ఆ సిగ్గు పెట్టిందెవరు తంబీ? దాన్ని నీ లెక్కలో యాడ రాస్తావు?"



అక్కా, నీకు చేతులెత్తి మొక్కుతున్నాను. కోవిల్‌పట్టి జవాబులు ఇప్పుడు వేరొకరు పంపుతున్నారు, నేనింకా కూడుతూనే ఉన్నాను. మొత్తాలు సరిగ్గానే కుదురుతున్నాయి. ఏ ఇంట్లో ఏ మాట మింగేశారో చెప్పేవాళ్లే నాకు లేరు.