వెళ్లనన్నది నేనే

మా బంధువుల్లో ఒక కథ చాలాకాలంగా చలామణీలో ఉంది. అందులో నేను హైదరాబాదు వెళ్లి పెద్దవాణ్ణి కావలసినవాణ్ణి. మా ఆవిడ బెజవాడ వదిలి రానని మొండికేయడంతో వన్ టౌన్‌లో గోతాల కొట్టు దగ్గరే ఆగిపోయినవాణ్ణి. పెళ్లిళ్లలో, దినాల్లో, ఒకసారి ఆసుపత్రి వరండాలో కూడా ఈ కథ నా చెవిన పడింది. చెప్పేవాళ్లు నా మీద జాలితోనే చెబుతారు. వినేవాళ్లు మా ఆవిడ వంక ఒకసారి చూసి తల తిప్పుకుంటారు.

ఆ కథ అబద్ధం. పుట్టించింది నేను. నా నోటితో పుట్టినదాన్ని నా చేత్తోనే చెరిపేద్దామని ఇది రాస్తున్నాను. అయితే ఒక మాట ముందే చెప్పాలి. బెజవాడలో ఉండిపోయినందుకు నాకు ఏ విచారమూ లేదు. ఆ నింద ఆవిడ మీదకు తోసినందుకు ఉంది. రెండోదానికి ఎంతమందిలోనైనా తల దించుకుంటాను. మొదటిదానికి మాత్రం దించను.

పదేళ్ల పైమాట ఇది. మా ఆవిడ బ్యాంకులో క్లర్కుగా చేసేది. ఆ ఏడు ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది, పోస్టింగు హైదరాబాదులో. సరిగ్గా అప్పుడే నాతో చదువుకున్న స్నేహితుడొకడు అక్కడ ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీ పెడుతూ నన్ను భాగస్తుడిగా రమ్మన్నాడు. డెల్టాలో బియ్యం మిల్లుల వాళ్లందరూ నాకు తెలుసని వాడి ఆశ. మిల్లులు గోనె సంచులు మానేసి ప్లాస్టిక్ సంచులకు మారుతున్న రోజులు. మా కొట్లో గోతాల బేళ్లు కదలకుండా పడుంటున్నాయి. మా అమ్మాయికి ఏ బడైనా ఒకటే అన్న వయసు. ఎటు నుంచి చూసినా వెళ్లడమే సబబు. వెళ్దామని మొదట అన్నది కూడా నేనే.

ఆవిడ బ్యాంకుకు దగ్గర్లో మంచి ఫ్లాటు అద్దెకు దొరికింది. కానీ ఆషాఢం ముంచుకొస్తోంది. మా వైపు ఆషాఢంలో కొత్త ఇంట్లో చేరరు. శ్రావణం దాకా ఆగితే ఫ్లాటు ఇంకొకరికి పోతుంది. అప్పుడు మా వదిన ఉపాయం చెప్పింది. వదిన అంటే కంకిపాడులో వ్యవసాయం చేసుకునే మా అన్నయ్య భార్య. ఇంట్లో పెద్ద దిక్కు ఆవిడే.

"ఆషాఢం రాకముందే వెళ్లి పాలు పొంగించేసి వద్దాం. సామాను శ్రావణంలో దింపుకోండి. పాలు పొంగాక చేరినట్టే లెక్క" అంది.

వదినే దగ్గరుండి అన్నీ సర్దింది. చిన్న గ్యాస్ స్టవ్వు, కొత్త గిన్నె, దేవుడి పటం, చీపురు, ఉప్పు. పాలు తూర్పు వైపు పొంగాయని సంబరపడింది. పరమాన్నం చేసి, ఎదురు ఫ్లాటుకు ఇచ్చి రమ్మని నా చేతికి గిన్నె ఇచ్చింది. తలుపు తీసినాయన గిన్నె అందుకుని, "థాంక్యూ అండీ" అని మర్యాదగా నవ్వి తలుపేసుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఏ ఊరని అడగలేదు, ఏం చేస్తారని అడగలేదు, అంతే. నేను ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. లోపలికి వచ్చాక పరమాన్నం రుచి తెలియలేదు.

బెజవాడ వచ్చాక అసలు సంగతి మొదలైంది. చేరినట్టే లెక్క అని వదిన అన్నది కదా, ఊరంతా ఆ లెక్కే వేసింది. మేము ఇంకా ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటున్నాం, కానీ వెళ్లిపోయినవాళ్ల కిందే జమ. బంధువులు వరసపెట్టి భోజనాలకు పిలిచి, వెళ్తున్నారని బట్టలు పెట్టారు. మా వీధిలో తోపుడు బండ్ల వాళ్లు నన్ను దాటుకుని పక్క కొట్టాయన దగ్గరికి వెళ్లి, "బండి ఏమన్నా కావాలాండీ" అని అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగితే, తెలిసిన మిల్లు యజమాని కారు అద్దం దించి, "అదేంటండీ, ఇంకా ఇక్కడే ఉన్నారు?" అన్నాడు.

"ఆషాఢం కదండీ" అన్నాను.

"అవునవును" అని అద్దం ఎత్తేశాడు. అంతకుముందైతే సిగ్నల్ పడినా కదలకుండా, వెనక హారన్లు మోగుతున్నా, కనీసం రెండు కబుర్లు చెప్పే మనిషి.

బతికుండగానే ఊరు నన్ను తీసి పక్కన పెట్టిన నెల అది.

ఆ నెల చివర్లో కంకిపాడు మిల్లుకు ఆఖరి లోడు గోతాలు పంపించి, వెనకే నేనూ వెళ్లాను. లోడు దింపుకున్నాక మిల్లు గుమస్తా టీ తెప్పించి, "మరి మీ తర్వాత గోతాలకి ఎవరికి చెప్పమంటారండీ?" అని అడిగాడు. మామూలు ప్రశ్న. పక్క కొట్టాయన పేరు చెప్పడానికే నోరు తెరిచాను. తెరిచి, "నాకే చెప్పండి" అన్నాను.

"మీరు వెళ్తున్నారు కదండీ?"

"వెళ్లట్లేదు."

అలా తేలిపోయింది. మా ఇంటి సంగతి మా ఆవిడ కంటే ముందు మిల్లు గుమస్తాకు తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ గాజు సామాను పాత పేపర్లలో చుడుతోంది. చెప్పాను. చుట్టడం ఆపలేదు.

"మిల్లులో చెప్పేసి వచ్చి నాకు చెబుతున్నారా?" అంది.

"అక్కడ నేనెవరికీ తెలీదు" అన్నాను.

"నేనూ ఎవరికీ తెలీదు. వెళ్తే తెలుస్తాం." ఇంకో కప్పు చుడుతూ, "పోనీ మీరు ఇక్కడుండండి. పిల్లను తీసుకుని నేను వెళ్తాను. సెలవులకు వస్తూ పోతూ ఉందాం" అంది.

"నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాను.

ఆవిడ చుట్టిన కప్పును మళ్లీ విప్పి అలమరలో పెట్టింది. ప్రమోషన్ వద్దని బ్యాంకులో రాసిచ్చింది. ఆ ఫ్లాటు తాళాలు తిరిగి ఇవ్వడానికి కూడా తనే వెళ్లింది. దేవుడి పటం ఒక్కటీ వెంట తెచ్చుకుని, మిగతావన్నీ వాచ్‌మన్ భార్యకు ఇచ్చేసి వచ్చింది. నేను తోడు వెళ్లలేదు. కొట్లో పని ఉందన్నాను. పనేమీ లేదు.

శ్రావణం వచ్చింది. ఇక ఆషాఢం సాకు చెల్లదు. కంకిపాడులో అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర వదిన అడగనే అడిగింది.

"ఏమయ్యా, మంచి రోజులన్నీ పోతున్నాయి. సామాను ఎప్పుడు ఎక్కిస్తారు?"

అన్నయ్య తినడం ఆపి నా వంక చూశాడు. వెళ్తున్నామని ఆయన పెట్టిన కండువా నా భుజం మీదే ఉంది. "నాకు భయమేసింది" అనడానికి నోరు రాలేదు.

"తనకి అక్కడ ఇష్టం లేదు వదినా. అక్కడి నీళ్లు పడవంటోంది" అన్నాను.

మా ఆవిడ అప్పుడు అన్నయ్య విస్తట్లో చారు పోస్తోంది. ఒక్కసారి నా వంక చూసింది. గరిటె తొణకలేదు. వరసలో తర్వాతి విస్తరి నాది. నాకూ పోసింది.

తిరిగి వస్తుంటే స్కూటర్ మీద వెనక నుంచి, "నీళ్లు పడవని నేనెప్పుడన్నాను?" అంది.

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

"హైదరాబాదువాళ్లు తాగేదీ కృష్ణ నీళ్లే. చెప్పేదేదో అతికేటట్టయినా చెప్పండి."

ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తినవాళ్లు వేరే ఉన్నారు. ఎవరి ఇంటికి వెళ్లినా వదిన మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, "చూసి తాగమ్మాయ్, నీకు బెజవాడ నీళ్లు తప్ప పడవు కదా" అనేది. అందరూ నవ్వేవాళ్లు. మా ఆవిడా నవ్వేది. నేనూ నవ్వాను. అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది ఆ నవ్వుకే.

ఇక ఉండిపోవడం సంగతి. దాని గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. మా స్నేహితుడి ఫ్యాక్టరీ బాగా నడిచింది. నేను వెళ్లి ఉంటే నాకూ బాగానే ఉండేదేమో. అయినా సరే. మే నెలలో కొండ రాయి కాగి రాత్రంతా వేడి కక్కుతుంది, ఫ్యాను తిరిగితే వడగాలే వస్తుంది. వన్ టౌన్ వీధిలో ఒక ఆటో ఎదురొస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవలసిందే, ఎవరు పోవాలన్నది తేలడానికి పావుగంట. ఈ ఊళ్లో ఏముందని నన్ను అడిగినవాళ్లున్నారు. ఏమీ లేదు. నేను వీధి మొదట్లో కనిపిస్తే చివర కొట్టాయన, "ఇవాళ ఆలస్యమైందేంటండీ" అంటాడు. మిల్లుల్లో గోతాలు తగ్గాక, ధాన్యం ఆరబెట్టుకునే రైతులకు టార్పాలిన్లు అమ్మడం మొదలుపెట్టాను. అకాల వర్షం పడితే కంకిపాడు నుంచి, ఉయ్యూరు నుంచి ఫోన్లు నాకే వస్తాయి. పేరు చెప్పరు, గొంతును బట్టి నేనే పోల్చుకోవాలి, పోలుస్తాను. దాన్ని ఊరి మీద ప్రేమ అనండి, కొత్త చోటంటే పిరికితనం అనండి. రెండూ కలిసే ఉన్నాయి. విడదీసి చూపించమంటే నా వల్ల కాదు, విడదీయాలని కూడా లేదు.

ఈ ఏడు మా ఆవిడకు మళ్లీ ప్రమోషన్ వచ్చింది. మళ్లీ హైదరాబాదే. రిటైరయ్యేలోపు ఇంకొకటి రాదు. అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. ఒక ఉదయం ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "ఈసారి వెళ్తున్నాను" అంది. వెళ్లనా అని అడగలేదు.

"వెళ్లు" అన్నాను.

"మీరొస్తారా?"

"రాను."

"సరే" అంది. ఇద్దరి మధ్యా జరిగినది ఇంతే. మాకు పడటం లేదని, విడిపోతున్నామని అనుకుంటున్నవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే.

కార్తీకంలో అన్నయ్య తోటలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టుకున్నాం. వదిన పుట్టింటివాళ్లూ వచ్చారు. మా ఆవిడ పులిహోర వడ్డిస్తోంది. వదిన అందరూ వినేటట్టు అందుకుంది.

"అప్పుడేమో నీళ్లు పడవని మా మరిదిని కదలనివ్వలేదు. ఇప్పుడు పెద్ద ఆఫీసరమ్మ అయ్యేసరికి ఆ నీళ్లే పడిపోయాయి. మొగుణ్ణి హోటల్ కూటికి వదిలేసి తనొక్కతే పోతోంది."

నేను విస్తరి ముందు నుంచి లేచాను.

"వదినా, ఆ మాట తను ఎప్పుడూ అనలేదు. నేను కల్పించాను. తను వెళ్తానంది. పిల్లను తీసుకుని ఒంటరిగానైనా వెళ్తానంది. వెళ్లనన్నది నేనే."

వదిన నవ్వింది.

"ఊరుకోవయ్యా. నీ సంగతి నాకు తెలీదా? పెళ్లాన్ని ఒక మాట పడనిచ్చే రకమా నువ్వు?" అని పుట్టింటివాళ్ల వైపు తిరిగి, "చూశారా, ఎలా వెనకేసుకొస్తున్నాడో. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి" అంది.

"నిజం వదినా."

"నిజమేలే. కూర్చో, పులిహోర చల్లారిపోతోంది."

అన్నయ్య కూడా మెచ్చుకోలుగా తలాడించాడు. నా జీవితంలో నేను చెప్పిన అతి కష్టమైన నిజం నాకే మంచిపేరు తెచ్చిపెట్టింది. అబద్ధాన్ని అంతకాలం మేపితే ఇలాగే అవుతుంది.

కార్లో తిరిగి వస్తున్నాం. పెనమలూరు దాటాక మా ఆవిడ అంది.

"అబద్ధం చెప్పినప్పుడు జాలి మీకు. నిజం చెప్పినప్పుడు మెప్పు మీకు. నాకేమొచ్చిందండీ?"

"మళ్లీ చెబుతాను. నమ్మేదాకా చెబుతాను."

"పాతది వదిలేయండి. నాతో ఎందుకు రావట్లేదని ఇప్పుడు అడుగుతారు కదా. దానికేం చెబుతారో చూస్తాను."

సాకులకు కొదవ లేదు. కొట్టు ఉంది. నాకు బీపీ ఉంది. అమ్మాయి వచ్చిపోవడానికి ఇక్కడైతే వీలు. ఒక్కొక్కదానిలో కొంచెం నిజం కూడా ఉంది. ఆవిడ ప్రయాణానికి ముందు ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. మా ఆవిడ పక్క గదిలో పెట్టె సర్దుకుంటోంది. తలుపు తీసే ఉంది.

"ఏరా, నువ్వు కూడా వెళ్లి అక్కడే ఉండొచ్చు కదరా. మీ ఆవిడ వద్దందా?"

"లేదన్నయ్యా. రమ్మంది. నేనే రానన్నాను."

"కొట్టు గురించా?"

"కొట్టు ఎవరికైనా అప్పగించొచ్చు. నాకు ఇష్టం లేదు. నాకు ఇక్కడే బాగుంటుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

అన్నయ్య అక్కడ టీవీ కట్టేశాడు.

"అయితే ఆ రోజు తోటలో నువ్వన్నది..."

"నిజమే అన్నయ్యా. అప్పుడు తను ప్రమోషన్ వదులుకుంది నా వల్ల. మీ అందరి చేతా మాటలు పడిందీ నా వల్లే."

"మరి మీ వదిన ఇన్నేళ్లూ..." అని ఆగిపోయాడు. "ఇదేం పనిరా" అన్నాడు చివరికి. ఆయన నన్నలా తిట్టి చాలా ఏళ్లయింది.

"వదినకి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు."

"చెబుతాను" అని పెట్టేశాడు. కోపంగానే పెట్టేశాడు.

మా ఆవిడ ఇస్త్రీ పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇది నాకా, మీకా?" అంది.

"నువ్వు తీసుకెళ్లు."

"నలిగిన చొక్కాతో కొట్లో కూర్చుంటే మళ్లీ నన్నే అంటారు."

"అననివ్వను. నాకు బద్ధకమని చెబుతాను."

ఆవిడ వైరు చుట్టి, ఇస్త్రీ పెట్టెను తన చీరల మధ్య సర్దుకుంది.